చెరకు మిషన్ మీద మంచు

ముషీరాబాద్ టింబర్ డిపోలో
పాత తలుపు ఒకటి దొరికింది, తూకానికి.
గొళ్ళెం ఊడిన చోట గుంట,
మేకులు పీకిన చోట పదిహేడు చిల్లులు.
ఆటోలో అడ్డంగా పెట్టుకుని వచ్చాను,
ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా
ఎవరిదో గుమ్మం నా ఒళ్ళో.

ఫిన్లాండ్‌లో ఉన్న ఆరు వారాలూ
ఒక్క గీత పడలేదు.
పగలు మూడు గంటలు, అదీ చేబదులు ఇచ్చినట్టు.
కిటికీలో ఒక బిర్చ్ చెట్టు, దాని వెనక తెలుపు,
తెలుపు వెనక ఇంకా తెలుపు.
పక్క గదిలో ఐనో, డెబ్బై దాటిన మనిషి,
పొద్దంతా చెక్కేది,
సాయంత్రం ఆ పొట్టుతోనే పొయ్యి రాజేసేది.
మాకు మాటలు కుదరలేదు.
ఒకసారి నా ఉలి లాక్కుని, నూరి, తిరిగి చేతిలో పెట్టింది.
అంతే మా స్నేహం.

వచ్చాక, మే నెలలో,
డాబా మీద చెప్పుల్లోంచి కాళ్ళు కాలుతుంటే
మంచు గుర్తు రావడం మొదలైంది.

తలుపును జానెడు వెడల్పు పలకలుగా చీల్పించాను.
ఈ పనిలో ఒక తిరకాసుంది:
ఉంచినదే నలుపు.
మంచు కావాలంటే తీసెయ్యాలి.
పదకొండు రోజులు తీసేస్తూనే ఉన్నాను.
పొట్టు మంచం కింద, జడలో, పప్పులో.
చివరికి ఒక్క మాను మిగిలింది, కుడిఎడమై.

ప్రెస్సు కొనే స్తోమత లేదు.
గరిటె వెనకతో రుద్దితే మణికట్టు వాచింది,
రంగు అక్కడక్కడా అలిగింది.

చిక్కడపల్లి సందులో ఎల్లేష్ చెరకు బండి.
"పలక పల్గితే నాకు సంబంధం లేదు మేడమ్."
నట్లు వదులు చేశాడు, రోలరు తడిగుడ్డతో తుడిచాడు.
చక్రానికి కట్టిన మువ్వలు ఘల్లుమన్నాయి.
జ్యూసుకి నిలబడ్డ కాలేజీ పిల్లలు
గ్లాసులు మరిచి చూశారు.

రోలరు పళ్ళు కాగితం పొడుగునా
వంకర గీతలు లాక్కుపోయాయి,
మంచులో ఏదో బండి వెళ్ళిన జాడ.
అక్కడున్నన్నాళ్ళూ ఒక్క బండీ నాకు ఎదురుపడలేదు.
మేకుల చిల్లులు పదిహేడూ మాను మీద తెల్లగా పడ్డాయి,
వాటిని నేను చెక్కలేదు.

ఎల్లేష్ తల వంచి చూశాడు.
"ఇందుల ఏమున్నది? అంత ఖాళీయే గద."
"మంచు."
"గీ ఎండల కరగలే?"
నవ్వి, గోనెసంచి విప్పి ఐసుగడ్డ కొట్టాడు.
కొడుతూనే అడిగాడు:
"మీ ఇంట్ల పొట్టు పారేస్తరా?
నాకియ్యుండ్రి. గడ్డ రెండు గంటలు ఎక్కువాగుతది."

రెండు బస్తాలు మోశాను.
మంచు కోసం తీసేసినదంతా
ఇప్పుడతని గోనెసంచిలో ఉంది.

మూడో ప్రతిని దండేనికి ఆరేశాను.
పొద్దున చూస్తే చీమలు,
అంచున అంటిన చెరకు తీపి పట్టుకుని వచ్చినవి,
వరసగా, తొందరేం లేకుండా,
ఫిన్లాండ్‌కి అడ్డం పడి నడుస్తున్నాయి.

దులపలేదు.
పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను,
అంకె ఎక్కడ వెయ్యాలో తెలియక,
అవి అవతలి అంచు చేరేదాకా.