రీసెట్

దేరా క్రీకు ఒడ్డున
ముప్పై బస్తాలు పడవల ఎక్కియ్యాలె.
అదీ ఆట.
ఇద్దరిద్దరు ఉరికొస్తరు,
లకోటా చింపుతరు, గట్టిగ సదువుతరు,
సదివినంక ఒకల మొకం ఒకలు చూస్కుంటరు.
కెమెరా ఆ చూపు కాడ్నే ఆగుతది.

మాకు లకోటా లేదు.
వాకీటాకీ పట్టుకున్న ఫిలిప్పీన్స్ పిల్ల జొవెలిన్
మాకు ఒక్కటే మాట నేర్పింది: రీసెట్.
ఒక జంట ఎక్కిచ్చి పోంగనే
నేనూ ఎర్రం ముత్తెన్నా
ఆ ముప్పై బస్తాలు మళ్ళ ఒడ్డుకు దించాలె,
ఎట్లుండెనో అట్ల పేర్చాలె,
సుద్దగీత మీదికి మూతులు రావాలె,
వచ్చే జంటకు
ఎవ్వరూ ముట్టనట్టు కనవడాలె.

ముందు రాత్రంత బరువు తగ్గించినం.
యాభై కిలోల బియ్యం బస్తాను
ఇరవై చేసి కుట్టినం.
"టీవీల ఎక్కాలంటే బియ్యం గూడ చిక్కిపోవాలెనా" అన్నడు ముత్తెన్న,
దబ్బనం పండ్ల నడుమ వెట్టుకొని.

మొదలు వచ్చినోళ్ళు అక్కాచెల్లెండ్లు,
నారింజ రంగు అంగీలు.
ఎనుకనే ఒక బక్కోడు, ఒక బండోడు,
బస్తా ఒకటి నీళ్ళల్ల వడేసి
కెమెరా దిక్కు చూసి నవ్విండ్రు.
దిగి తీసింది ముత్తెన్న.
తడిసింది ఎవల ఖాతల రాయాలెనని
ఫోర్‌మన్ రెండుసార్లు అడిగిండు.

అందరి మెడలల్ల ఒక సంచి,
సంచిల పాస్‌పోర్టు.
ఉరుకుతుంటే రొమ్ము మీద టపటప కొట్టుకుంటది.
ఆ చప్పుడు నాకు మస్తు నచ్చింది.
నాది ఆఫీసు బీరువాల ఉన్నది,
నాలుగేండ్లాయె దాని మొకం చూడక.
అందుల నాకింకా మీసం రాలేదు.

పొద్దు వంగింది.
పది జంటలు పోయినయి.
ఇగ అయిపోయిందనుకొని బూట్లిడిసి కూసున్నం.
అప్పుడొచ్చిండ్రు ముసలి ఆలుమొగలు,
తొవ్వ తప్పి, టాక్సీవానితోని కొట్లాడి.
ఏడో బస్తాకే ఆమె కూలవడ్డది.
ఆయన ఏదో అన్నడు.
ఆమె నీళ్ళ దిక్కు మొకం మలుపుకున్నది.
కెమెరా ఇంకింత దగ్గరికి జరిగింది.

సాయం చెయ్యొద్దు, రూలు.
ముత్తెన్న చెయ్యలేదు.
ఊకె తన తువ్వాల తీసి
ముంచి, పిండి, చుట్ట చుట్టి
మెడ మీద వెట్టుకొని
మోకాళ్ళు వంచి
లేని బస్తా ఎత్తిండు.
దించిండు.
మళ్ళ ఎత్తిండు.
ఆమె చూసింది,
మెడకున్న స్కార్ఫు ఇప్పింది.

ముప్పై అయినయి.
పోయేటప్పుడు మా దిక్కు చెయ్యి ఊపిందో,
స్కార్ఫు దులిపిందో,
ముత్తెన్న ఒకటంటడు, నేనొకటంట.

ఐదు నెలలకు క్యాంపుల
ఒక్క ఫోను సుట్టూ తొమ్మిది తలకాయలు.
దేరా వచ్చింది, పడవ వచ్చింది,
ముసలామె ఎత్తుతుంటే సంగీతం గూడ వచ్చింది.
ఆ ఒడుపు ఆమెకు యాడికెల్లి వచ్చెనోనని
యాంకరు మురిసిపోయిండు.
ముత్తెన్న భుజం ఒక్కపారి కనవడ్డది,
అది గూడ మసక చేసిండ్రు.
"ఎనుకకు తియ్యి, ఎనుకకు తియ్యి" అన్నరు పోరగాండ్లు.
ఆరుసార్లు తీసిండ్రు.
ఆరుసార్లు ఆ మసక వంగి, లేసింది.
ముత్తెన్న బయట తీగ మీద తువ్వాల ఆరేస్తున్నడు.

టీవీల రానిది ఇంకొకటున్నది.
ఆ రాత్రి కెమెరాలు లారీ ఎక్కినంక
బస్తాలు దించి, కుట్లు ఇప్పి,
ఇరవైని మళ్ళ యాభై చేసి
మేమిద్దరమే ఎక్కిచ్చినం, పన్నెండోపారి.
పడవ తెల్లారి బొసాసో పోవాలె.
నాఖుదా దీపం పట్టి లెక్కవెట్టి
ఒకటి తక్కువున్నదన్నడు.

తక్కువున్నది మా ఖాతల రాసిండ్రు.
ఇగ మాదేనాయె.
క్యాంపు మిద్దె మీద ఆరవోసి
నెలంత వండుకున్నం.
ఉప్పెయ్యకున్నా
ఉప్పగనే ఉండె.