డెబ్బై నాలుగు

పగలంతా మేకులు తూచి అమ్ముతాను.
శుక్రవారం రాత్రి చారల చొక్కా తొడుక్కుంటాను.
ఒహాయోలో అక్టోబరు చలి,
ఈల పెదవికి అతుక్కుంటుంది.

హెల్మెట్ల వెనక మొహాలు నాకు కనబడవు.
ఇరవై రెండు ఒళ్లు, ఒకటే రెప్పపాటు.
ఆలోపే తేల్చాలి,
విసిరిన బంతిని ఎవడు పట్టొచ్చో, ఎవడు పట్టకూడదో.
అందుకే ఆ అంకెలు.
ఎనభైల్లో వాళ్లు ఉరికి అందుకునేవాళ్లు.
యాభై నుంచి డెబ్బై తొమ్మిది దాకా గోడ.
గోడకీ చేతులుంటాయి,
తోయడానికి.

ఎమెట్ హ్లవాటీ నిరుడు ఎనభై ఒకటి.
వేసవిలో ఒళ్లు చేశాడు.
కోచ్ ఏమీ అనలేదు,
బీరువాలోంచి వేరే చొక్కా తీసిచ్చాడు.

ఆ రాత్రి చివరి క్వార్టర్లో
ఎవరికోసమో లేచిన బంతి
గాలికి దారి తప్పి వాడి నెత్తి మీదికొచ్చింది.
ఎగిరాడు.
అంత బరువు అంత తేలిగ్గా లేవడం
నేనెక్కడా చూళ్లేదు.
పై అరలోంచి బల్బు దించినట్టు
ఒంటిచేత్తో దించుకున్నాడు.

నాకంటే ముందే నా చెయ్యి
పసుపు గుడ్డ విసిరేసింది.
ఐదు గజాలు వెనక్కి.
వాడు బంతిని చొక్కాకి తుడిచి,
ఆ డెబ్బై నాలుగుకే తుడిచి,
నా చేతికిచ్చాడు.

సోమవారం దుకాణానికొచ్చాడు,
కోళ్లగూటి తలుపుకి కీలు కావాలట.
చిల్లర లెక్కపెట్టుకుంటూ, తలెత్తకుండా,
"పట్టాను గదా సార్?"

"పట్టావు" అన్నాను.
పొట్లంలో మరలు
రెండు ఎక్కువే పడ్డాయి.