ఊక శాతం

ఆమదాలవలస నుంచి పారమ్మవ్వ
గోనెలో పంపిన మట్టి.
ఆమ్లంలో నానబెట్టి కడిగాను,
లిట్మస్ ఎరుపెక్కడం మానేదాకా
పదకొండు సార్లు.

నాలుగొందల డిగ్రీలకి
నీలిరంగు నీటిని బద్ధకంగా చప్పరించింది.
అయిదొందలకి గటగటా తాగింది.
ఎనిమిదొందలకి
లోపలి గదులు కూలి
పెంకై కూర్చుంది.

ఫోన్ చేస్తే అవ్వ నవ్వింది:
“ఊక కలప్నేదేటి బావూ?
కాలిపోయిందే గదా దారొగ్గుద్ది!”

ఎచ్చెర్ల ల్యాబులో కరెంటు పోయిన రాత్రి
ఊక కలిపి కాల్చిన బిళ్ళ మీద
సెల్లు వెలుగులో చుక్క చుక్క పోశాను.
కింద బీకరు చూసి
అసలు రంగు కలపడమే మర్చిపోయాననుకున్నాను.

థీసిస్‌లో ఊక శాతం రాశాను,
ఉష్ణోగ్రత రాశాను.
ఒక బిళ్ళ అవ్వకి పంపాను.
గంజికుండ ఒరగకుండా
అడుగున పెట్టుకుందట.