రబ్బరు బ్యాండు వేసిన పేజీలు

మెనూ కార్డుల్లో పదకొండో పేజీ నుంచి చివరిదాకా
రబ్బరు బ్యాండు వెయ్యడం
డ్రై డే నాడు నా మొదటి పని.
ముప్పైరెండు కార్డులు, ముప్పైరెండు బ్యాండులు.
రెండు తెగి చేతికి చురుక్కున తగిలినాయి.

నిన్న రాత్రే కౌంటరు గ్రిల్లుకు తాళమేసి
పైన కాగితం అంటించి సంతకం పెట్టి పోయినారు.
సీసాలకు పాత టేబులు గుడ్డలు కప్పినాం.
గుడ్డ కింద మెడలు మాత్రం తెలుస్తా ఉన్నాయి,
ఫోటోకని నిలబెట్టి
ఫోటోగ్రాఫరు మర్చిపోయిన పెండ్లి జనం మాదిరి.
బయట బోర్డులో ‘బార్’ అన్న చోట లైటు ఆపేస్తే
‘అండ్ రెస్టారెంట్’ అని మాత్రం వెలుగుతా ఉంది,
బానసవాడి మెయిన్ రోడ్డంతటికీ ఏదో చెప్పబోయి
మొదటి మాట మింగేసినట్టు.

గల్లాలో జయకర శెట్టి
కరెంటు బిల్లును అగ్గిపెట్టంత చిన్నగా మడుస్తాడు, విప్పుతాడు.
"అన్నంతో అద్దె వస్తుంది రెడ్డెప్పా, లాభం గ్లాసులో ఉంది"
అంటాడు కన్నడంలో.
పదేండ్లయింది, నాకది తెలుగులోనే వినపడుతుంది.

ఐసు బండి రాలేదు.
నిమ్మకాయలు కోసే యశోదమ్మను రావద్దన్నారు.
ఆమెది రోజు కూలి.
నిన్న సాయంత్రమే అడిగింది నన్ను,
"రేపు ఎవురి పండగ నాయనా?"
గాంధీ జయంతి అంటే
"మంచాయన" అని కొంగులో కత్తి చుట్టుకుని పోయింది.

మధ్యాన్నం ఒక కుటుంబం వచ్చింది.
రోజూ మా వాకిలి దాటేటప్పుడు
పిల్లోడి చెయ్యి గట్టిగా పట్టుకునే అమ్మే.
రెండు బిర్యానీలు, నాలుగు ప్లేట్లు.
గుడ్డల కింద ఏముందని అడిగినాడు పిల్లోడు.
జ్యూసులు అన్నాను.
ఎందుకు కప్పినారు?
నిద్రపోతా ఉన్నాయి.
వాడు నమ్మలేదు. బిర్యానీ బాగుందన్నాడు.

ఏడింటికి రొజారియో సారు వచ్చినాడు.
మర్చిపోయి కాదు, "తెలుసులే" అన్నాడు.
తొమ్మిదో టేబులు, గోడవైపు కుర్చీ.
ఆరేండ్లుగా రెండు పెగ్గులు, ఒక సోడా, ఒక పల్లీ మసాలా,
అంతకు మించి ఒక్క మాట లేదు.
లైమ్ సోడా పెడితే, చేతులకు ఏం పనివ్వాలో తెలీక
ఉప్పు డబ్బీని మిరియాల డబ్బీ దగ్గరికి జరిపినాడు,
మళ్ళీ విడదీసినాడు.
"నీ పేరేంటి?"
చెప్పినాను.
"ఇంతకు ముందు అడిగినాను కదా?"
అవును సార్ అన్నాను. అడగలేదు.
బిల్లు అరవై. చిల్లర లెక్కపెట్టి జేబులో వేసుకున్నాడు,
రోజూ వంద వదిలి పోయే మనిషి.

పక్క సందులో ఎవడో స్కూటరు డిక్కీ తెరిచి
రెట్టింపు ధరకు క్వార్టర్లు అమ్ముతా ఉన్నాడు.
మా షట్టరు కంటే ఈరోజు ఆ డిక్కీయే నయం.

మా నాయన తాగని రోజులు నాకు వేళ్ళమీద లెక్క.
పుంగనూరులో ఒకసారి
ఎలక్షనుకు అంగళ్ళన్నీ మూసేసినారు.
నాయన నా జామెట్రీ పెట్టె మూత సరిచేసి ఇచ్చినాడు.
అమ్మ ఆ పూట గడపలో కూర్చోని
నెమ్మదిగా, చాలాసేపు తల దువ్వుకుంది.
ఆ మాట ఇక్కడ ఎవరితో అంటాను?
టిప్పు డబ్బాలో చెయ్యి పెట్టి చూసుకుంటా ఉన్నాను,
బిడ్డ ఫీజుకు పదో తేదీ గడువు.
నలభై రూపాయలు.

రాత్రి పది. మిగిలిన చిల్లీ చికెను మాకే.
"టేబుళ్ళ దగ్గరే కూర్చోండప్పా" అన్నాడు వంట మాస్టరు.
ప్లేట్లు కడిగే అస్సాం పిల్లోడు ప్రాంజల్
తొమ్మిదో టేబులు ముందు కూర్చోని
బ్యాండు తియ్యకుండానే మెనూని వంచి
సందులోంచి ఒక్కొక్క పేరూ కూడబలుక్కుంటా ఉన్నాడు.
నేను నిలబడే తిన్నాను.
ఎవరో పిలుస్తారని కాదు,
మోకాళ్ళు ఒప్పుకోలేదు.

రేపు పదింటికి కాగితం చింపడానికి వస్తారంట.
బ్యాండులు దాచిపెట్టాలి,
వచ్చే నెల ఎలక్షన్లు అంటా ఉన్నారు.
లెక్కపెట్టి డబ్బాలో వేసినాను:
ముప్పై.