ముప్పై ఎనిమిది మంచాలు

తెల్లారకముందే మాంటరే దాటాం.
పాత కారు. హీటరు నీ వైపే పనిచేస్తుంది.
నువ్వు చెప్పులు విప్పి కాళ్ళు మడుచుకుని కూర్చున్నావు,
నేను ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫ్లాస్కు మూత.

పొగమంచు రోడ్డెక్కి
కాసేపు మన ముందే నడిచింది,
దారి తెలిసిన కుక్కలా.
కుడిపక్క సముద్రం ఉందని
చప్పుడును బట్టి నమ్మాలి.

"కిందికి చూడకు" అన్నావు వంతెన మీద.
నేను చూడలేదు. నువ్వే చూశావు,
చూసి శిలువ గుర్తు వేసుకున్నావు,
వేసుకున్న చేత్తోనే నా మోకాలు పట్టుకున్నావు.

కొండచరియ విరిగిపడిన చోట
ఒక వరసలోనే బండ్లు వదులుతున్నారు.
నారింజ కోటు కుర్రాడు "ఆగు" పలక పట్టుకుని
పదిహేడు నిమిషాలు నిలబెట్టాడు.
ఆ పదిహేడు నిమిషాల్లో
పోయినేడు మిగిలిపోయిన గొడవ మొత్తం తీర్చేసుకున్నాం:
మీ తమ్ముడు బెంటోకిచ్చిన అప్పు,
నేను నీతో చెప్పకుండా అమ్మేసిన పడవ ఇంజను.
వాడు పలక తిప్పాడు.
"మెల్లగా" అని ఉంది రెండోవైపు.

ఒడ్డున ఏనుగు సీళ్ళు
ఒకదాని మీద ఒకటి గోనెసంచుల్లా.
"అద్దె లేదు, అలారం లేదు" అన్నావు.
నీ గొంతులో అంత అసూయ
పక్కింటి కొత్త కారుకి కూడా వినలేదు.

కొండ మీద రాగిగనుల దొర కట్టిన మేడ, లాస్ కంపానాస్.
బస్సు పదకొండు మలుపులు తిప్పి దించింది.
గైడు పిల్ల పేరు బ్రియోనీ, బూట్లు కొత్తవి, కరుస్తున్నట్టున్నాయి.
ఈ పైకప్పు స్పెయిన్లో ఒక మఠానిదట,
నాలుగువందల పెట్టెల్లో ఓడ మీద వచ్చిందట.
అందరం మెడలు వెనక్కి విరిచాం.
నువ్వొక్కదానివే, ఒడీలియా,
నడుం వంచి మంచం కిందికి చూశావు.

సీగల్ మోటెల్లో ముప్పై ఒక్క ఏళ్ళు,
రోజుకి పద్నాలుగు గదులు.
నేను చిత్రపటాల్లో దొరసానుల మెడలు చూస్తుంటే
నువ్వు వేళ్ళ మీద లెక్కపెడుతున్నావు:
మంచాలు ముప్పై ఎనిమిది.

"ఈ పరదాలు ఎవరు ఉతికేవాళ్ళు?"
బ్రియోనీ చేతిలో కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పింది.
"చాలా మంచి ప్రశ్న" అంది.
జవాబు లేని ప్రశ్నని అలాగే మెచ్చుకుంటారు.

నీలం గదిలో అందరూ ముందుకెళ్ళాక
మఖ్మల్ తాడు మీదుగా నీ చెయ్యి వెళ్ళింది.
దుప్పటి మూల ఒకటి వంకరగా వేలాడుతోంది మరి.
ఒక మడత, ఒక చరుపు, లోపలికొక నెట్టు.
అప్పుడు మోగింది.

కాపలా ముసలాయన కీళ్ళు పట్టుకుంటూ వచ్చాడు.
నా మొహంలో నెత్తురు లేదు.
ఆయన నిన్ను చూశాడు, మూల చూశాడు,
ఇంకోసారి మూల చూశాడు.
"మూడేళ్ళుగా అది నన్ను చంపుతోంది" అన్నాడు,
గంట ఆపేసి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి దిగువ ఊళ్ళో మోటెలు.
నలభై ఏళ్ళ కాపురంలో మొదటిసారి
ఇంకెవరో పరిచిన పక్క మీద పడుకున్నాం.
నువ్వు నిద్రపోలేదు. దిండు గలీబు వాసన చూస్తూ
"బ్లీచి ఎక్కువైంది" అన్నావు చీకట్లో.

పొద్దున నేను సంచులు కార్లో పెట్టి వచ్చేసరికి
తువ్వాళ్ళు ఒక కుప్ప, గలీబులు ఒక కుప్ప,
సబ్బు పక్కన పది డాలర్లు.
"డబ్బులు కట్టాం కదే!" అన్నాను.
"ఆవిడకీ నడుముంటుంది" అన్నావు,
పరుపు మీది దుప్పటి లాగుతూ.

ఇంజను వేడెక్కనీ అనుకుంటూ
గుమ్మంలోనే కాసేపు నిలబడ్డాను.
తర్వాత లోపలికొచ్చి
రెండో కొస పట్టుకున్నాను.