ఇది కొండ అనుకో

మస్సావా రేవులో
నీళ్లు నూరు డిగ్రీల దాకా ఓపిక పడతాయి.
మా అస్మరాలో అంత ఓపిక లేదు వాటికి.
ఆకాశానికి రెండు కిలోమీటర్లు దగ్గరైనందుకు
తొంభై రెండుకే తెర్లిపోతాయి.
ముప్పై ఏళ్లు పిల్లలకు ఈ పాఠం చెప్పాను,
నా కారుకు చెప్పలేకపోయాను.

యాభై తొమ్మిది నాటి ఫియట్,
పాలు ఎక్కువైన కాఫీ రంగు.
ఊళ్లో బుద్ధిమంతురాలు.
చర్చి నుంచి సంతకి, సంత నుంచి ఇంటికి
సూది నడిమధ్యన నిలబడే ఉంటుంది.
గిందా దాటి రోడ్డు పైకి తిరిగిందా, ఇక అంతే.
నెఫాసిత్ మలుపుల దగ్గర సూది ఎర్రగీత మీద వాలిపోయేది,
బానెట్ అంచుల్లోంచి ఆవిరి.
బెలెస్ పళ్లమ్మే పిల్లలు
డబ్బాలు ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చేవాళ్లు.
నీళ్లకి డబ్బులు తీసుకోరు.
నవ్వినందుకూ తీసుకోరు.

రేడియేటర్ అన్నాడొకడు. గీకించాను.
థర్మోస్టాట్ అన్నాడు ఇంకొకడు,
పీకి డ్రైనేజీలోకి విసిరాడు, నేను చూస్తుండగానే.
ఫ్యాను బెల్టు బిగించారు, మూత మార్చారు.
మూడోవాడు హెడ్ గాస్కెట్ పోయిందన్నాడు,
ఇంజను మొత్తం విప్పాలన్నాడు,
ఎంతవుతుందంటే కప్పుకేసి చూశాడు.

అప్పుడు లెతెబ్రహాన్ దగ్గరికి వెళ్లాను.
ఎడమ చెవి ఫిరంగి గుండుకి ఇచ్చేసిన మనిషి.
యుద్ధంలో కొండల కింద తవ్విన గుహల్లో
లారీలు బాగుచేసేదట, రాత్రిళ్లు, చీకట్లోనే.
దీపం వెలిగిస్తే విమానాలకు కనబడేది.

"ఎప్పుడు కాగుతుంది?"
ఎక్కేటప్పుడు.
"నిలబెట్టి ఉంచితే?"
ఎంతసేపైనా ఉంటుంది.
"చల్లారాక ఎన్ని నీళ్లు పట్టాయి?"
కొలవలేదు.
లెక్కల మాస్టారుని. కొలవలేదు.

నూనె పుల్ల లాగి, వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసింది.
పాలనురగ లేదు.
రేడియేటర్ మూత తీసి ఇంజను తిప్పించింది.
బుడగ రాలేదు.
"గాస్కెట్ నిక్షేపంలా ఉంది.
నాడి పట్టకుండా గుండె కోస్తానన్నదెవడు?"
పేరు చెప్పలేదు నేను. మళ్లీ వాడి ముఖం చూడాలి కదా.

ఇంజను కాగేదాకా టీ తాగాం.
రేడియేటర్ మీద పైనుంచి కిందికి
అరచెయ్యి దగ్గరగా జరుపుతూ పోయింది,
నిద్రపోయే పసివాడి ఊపిరి చూస్తున్నట్టు.
ఎక్కడా చల్లని చోటు లేదు.
"తొక్కు" అంది.
తొక్కాను.
"ఇంకా. మాస్టారూ, ఇది కొండ అనుకో."
గ్యారేజీ రేకులు గలగలలాడాయి.
ఒక్కసారిగా చెయ్యెత్తింది,
పెడలు మీదికి కుర్రాణ్ణి ఎక్కించి నన్ను రమ్మంది.

కింది గొట్టం.
నేనే తుడిచి మెరుగుపెట్టిన నల్లటి రబ్బరు గొట్టం.
ఇంజను అరిచినప్పుడల్లా
పళ్లులేని ముసలాడు నిమ్మబద్ద చప్పరించినట్టు
బుగ్గలు లోపలికి పీల్చుకుంటోంది.
చదునైపోయింది. చుక్క నీరు దారిలేదు.
కుర్రాడు కాలు తియ్యగానే
మళ్లీ నిండుగా, గుండ్రంగా,
ఏమీ ఎరగనట్టు.

చల్లారాక కత్తితో చీల్చింది.
లోపల ఒక స్ప్రింగు ఉండాలట, గొట్టాన్ని నిలబెట్టడానికి.
నా దోసిట్లోకి ఎర్రటి పొడి రాలింది.
పైన పటారం.
నేను మూడు నెలలు ఆ పైనే తుడిచాను.

చీపురు కర్రకి తీగ చుట్టి కొత్త స్ప్రింగు చేసింది.
రెండు కాఫీల డబ్బు అడిగింది, చక్కెరతో కలిపి.

శుక్రవారం నెఫాసిత్ మలుపు ఎక్కాను.
సూది కదల్లేదు.
పిల్లలు డబ్బాలతో వచ్చారు.
ఆగకుండా యాభై గజాలు పోయి
ఎందుకో ఆగాను.
బెలెస్ కొన్నాను, ఆరు.
"నీళ్లు?" అన్నారు.
వద్దన్నాను.
నమ్మకం కుదరక వాళ్లలో చిన్నది
బానెట్ మీద అరచెయ్యి ఆనించి
చాలాసేపు అలాగే నిలబడింది.