ఏమీ దొరకకూడదు

కర్నూలు పెద్దాసుపత్రి, రెండో అంతస్తు.
"ఇది ఇంకా మందు కాదు, హమ్లీబాయీ,
అయితాదో లేదో చూస్తాండాము.
నీ కొడవలి కణాలు నిమ్మళిస్తాయని చెప్పను.
చెడు చేయకుంటే చాలు, ఇప్పటికి"
అన్నాడు డాక్టరు సారు.
నాకు ఇంత నిజం చెప్పినోళ్ళు తక్కువ.
పదహారు కాగితాలు తెలుగులో చదివి
మా తమ్ముడితో గోర్‌బోలీలో మళ్ళీ చెప్పించి
ఎప్పుడన్నా లేచిపోవచ్చు అన్నాక
సంతకం పెట్టినా.

తెల్ల బిళ్ళ ఒకటి.
తొలిదినం పదకొండు సార్లు సూది.
నర్సు మహబూబ్బీ అడుగుతాది:
తల తిరుగుతాందా? కడుపులో తిప్పుతాందా?
దద్దుర్లు? ఉచ్చ రంగు?
లేదు. లేదు. లేదు. ఎప్పటి మాదిరే.
ఒక్కో లేదునూ గళ్ళలో రాసుకుంటాది
చీటీపాట లెక్క రాసినట్టు.

తొలకరి పడితే మా జొన్నగిరి చేలల్లో
ఊర్లకూర్లే వంగి వజ్రాలు ఎతుకుతాయి.
నేనూ ఎతికినా, ఒక ఏడు,
కీళ్ళు పట్టేసి
గట్టు మీద అరిచేదాకా.
ఈడ గూడా వంగే చూస్తాండారు
అద్దాల కింద, నా నెత్తురులో.
దొరికితే మాత్రం
అందరి మొగాలూ వాడిపోతాయి.

తొమ్మిదో రాత్రి చెయ్యి దురద పెట్టింది.
చెప్తే బిళ్ళ ఆపేస్తారేమో.
దుప్పట్లో చెయ్యి దాచుకున్నా కాసేపు.
నా ఎనక దీన్ని మింగబోయేవాళ్ళు,
మొగాలు తెలీనోళ్ళు, గ్యాపకమొచ్చినారు.
గంట నొక్కినా.

మహబూబ్బీ టార్చి ఏసి చూసి
"దోమ" అనింది.
అదీ రాసుకునింది.